ఇంటి వెనుక గుట్టకు రిటైనింగ్ వాల్: నా అనుభవం

కాజీపేటకూ మడికొండకూ మధ్య గుట్టల వాలులో వెలసిన కాలనీల్లో ఇల్లు కట్టుకున్నవారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. ప్లాట్లు చేసేవారు పై వైపు మట్టిని జేసీబీతో నిలువునా కోసి, ఆ మట్టినే కింది వైపు పరిచి, రెండు పక్కలా నేల చదునైందని చెప్పి అమ్ముతారు. మేము కొన్న 200 గజాల ప్లాటు అలాంటి కోతను ఆనుకుని ఉంది. ఇంటి వెనుక దాదాపు 13 అడుగుల ఎత్తున ఎర్రటి మొరం నిట్టనిలువుగా నిలబడి ఉండేది. దాని పైన పొరుగువారి పెరడు, ఆ పెరటి అంచున వారి కాంపౌండు గోడ. చాలా ఏళ్లు అది కదలకుండా ఉన్నందువల్ల గడ్డపారకు కూడా లొంగని నేల అని అందరమూ అనుకునేవాళ్లం.

2023 జూలై చివరి వారంలో ఉమ్మడి వరంగల్ జిల్లాను వానలు ముంచెత్తాయి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మా వైపు అంత పడకపోయినా పడినదే ఎక్కువైంది. వాన తగ్గుముఖం పట్టిన తరువాత, అంటే ఇక భయం లేదని ఊపిరి పీల్చుకున్న పూట, కోత మధ్యలో ఒక పెద్ద పెళ్ల జారి మా బట్టలుతికే బండనూ నల్లా గట్టునూ కప్పేసింది. మనుషులెవరూ అటు లేరు. పైకి వెళ్లి చూస్తే పొరుగువారి పెరట్లో, అంచుకు సమాంతరంగా, వేలు పట్టేంత పగులు బారుగా కనిపించింది. తరువాత మాకు సలహా ఇచ్చిన స్ట్రక్చరల్ ఇంజినీరు పడిన మట్టిని పెద్దగా పట్టించుకోలేదు. ఆ పగులునే చాలాసేపు చూసి, పడాల్సిన ముక్క ఇంకా పైనే ఉందని, ముందు దాని మీద టార్పాలిన్ కప్పి నీళ్లు లోపలికి పోకుండా చూడమని చెప్పారు. రిటైనింగ్ వాల్, అంటే వెనుక మట్టి జారకుండా ఆపే గోడ, సంగతి మొదలయ్యే ముందే చేయాల్సిన పని అదేనట.

మా ప్రాంతపు మొరం ఎందుకిలా చేస్తుందో ఆయన చెప్పేదాకా నేను ఆలోచించలేదు. ఇది గ్రానైటు రాయి లక్షల ఏళ్లుగా ఎండకూ నీటికీ చివికి గులకమట్టిగా మారినది. పొడిగా ఉన్నంతకాలం రేణువుల మధ్య మిగిలిన కొద్దిపాటి తేమే వాటిని ఒకదానికొకటి లాగి పట్టుకుంటుంది. అందుకే నిలువుగా కోసినా నిలుస్తుంది, గునపం దిగదు. నీరు నిండిపోతే ఆ పట్టు పూర్తిగా పోతుంది. దానికితోడు పాత రాతిలోని పగుళ్లు మొరంలోనూ అలాగే మిగిలిపోయి, వాటిలో జిగట మట్టి చేరి, కొన్ని చోట్ల బయటి వైపుకు వాలి ఉంటాయి. మా కోతలో అలాంటి తెల్లటి చార ఒకటి స్పష్టంగా కనిపించేది. పెళ్ల సరిగ్గా దాని మీది నుంచే జారింది.

ఇంజినీరు కన్నా ముందు మాకు దొరికింది మేస్త్రి. ఆయన సలహా సూటిగా ఉంది: సైజు రాళ్లతో అడుగున్నర మందం గోడ, పైదాకా, సిమెంటు దట్టంగా పట్టించి, ఎక్కడా సందు లేకుండా. "ఒక్క చుక్క బయటికి రాదు సార్, నా పూచీ" అన్నాడు. రావలసిందే ఆ చుక్క అని అప్పటికి నాకూ తెలియదు, ఆయనకూ తెలియదు.

ఇంజినీరు కాగితం మీద వేసిన లెక్క చాలా చిన్నది. గోడ వెనుక మట్టి 3 మీటర్ల ఎత్తున పొడిగా, పైన చదునుగా ఉందనుకుంటే, సాధారణ మొరం గోడను ప్రతి మీటరు పొడవుకూ సుమారు 2.7 టన్నుల బలంతో ముందుకు నెడుతుంది. అదే మట్టిలో పైదాకా నీరు నిలిస్తే మట్టి ఒత్తిడి సగానికి దగ్గరగా తగ్గుతుంది గానీ, నీటి ఒత్తిడి ఒక్కటే 4.5 టన్నులు కలుస్తుంది. రెండూ కలిపి దాదాపు 6 టన్నులు. మట్టి తన బరువులో మూడో వంతునే పక్కకు చూపిస్తుంది, నీరు మొత్తం చూపిస్తుంది అన్నది ఆయన వివరణ. మరో మాట కూడా చెప్పారు. ఈ ఒత్తిడి ఎత్తుతో సమానంగా కాక ఎత్తు వర్గంతో పెరుగుతుంది కనుక 2 మీటర్ల గోడ మీద 1.2 టన్నులు పడే చోట, ఒక్క మీటరు ఎత్తు పెంచగానే రెండింతలు దాటిపోతుంది. ఆరడుగుల ప్రహరీ కట్టిన అనుభవంతో పదడుగుల రిటైనింగ్ వాల్ కడితే అది ముందుకు ఒరగడానికి కారణం అదే. మేస్త్రి చెప్పిన అడుగున్నర రాతి గోడ తన బరువుతోనే నిలవాలి. అలాంటి గోడకు అడుగున వెడల్పు ఎత్తులో సగానికి పైగా ఉండాలి, అంటే మాకు కనీసం ఐదారు అడుగులు.

ఇక ఆ నీరు వాన నీరు మాత్రమేనా అన్న ప్రశ్న వచ్చింది. ఎండాకాలంలో కూడా కోత కింది భాగంలో ఒక చోట తడి ఆరేది కాదు, అక్కడ ఏడాది పొడవునా గడ్డి పచ్చగా ఉండేది. ఇంజినీరు పైకి వెళ్లి చూస్తే, అంచుకు ఐదడుగుల దూరంలో పొరుగువారి ఇంకుడు గుంత కనిపించింది. ఇంటి పైకప్పు నీరు, స్నానాల గది నీరు అన్నీ అందులోకే. ఇంకుడు గుంత మంచిదే, ప్రభుత్వమూ పదేపదే చెప్పింది, వారు బాధ్యతగా తవ్వించుకున్నారు. కానీ పదమూడు అడుగుల కోత నెత్తిన తవ్విన గుంత నేలలోకి నీళ్లు ఇంకించడంతోపాటు ఆ కోతను లోపలి నుంచి నానబెడుతుంది.

పొరుగాయన నాకన్నా పెద్దవారు, రైల్వేలో పనిచేసి రిటైరైనవారు. "నా నీళ్లు నా జాగలనే ఇంకుతున్నయి గద సార్, మీకేం నష్టం?" అని అడిగారు. అడగడంలో తప్పు లేదు. నేను వాదనకు దిగకుండా ఆయనను తీసుకొచ్చి మా పెరట్లో నిలబెట్టి పైకి చూపించాను. కింది నుంచి చూస్తే ఆయన కాంపౌండు గోడ పునాది కింద బెత్తెడు ఖాళీ కనిపిస్తుంది. పగులు ఆయన పెరట్లో ఉంది, పడితే మొదట పడేది ఆయన గోడే. అది చూశాక మాట మారింది. చివరకు ఒక ఒప్పందానికి వచ్చాము. గుంతను మూసి, ఆయన ఇంటి ముందు వైపు, అంచుకు దూరంగా కొత్తది మా ఖర్చుతో తవ్వించాలి. అంచున అడుగున్నర మేర మట్టిని వాలుగా చెక్కడానికి ఆయన ఒప్పుకోవాలి. పని పూర్తయ్యాక అక్కడ ఇనుప రెయిలింగు మేమే పెట్టించాలి. ఇదంతా స్టాంపు పేపరు మీద రాసుకున్నాము. తోటి వీధివాళ్లు కొందరికి అది అతిగా అనిపించింది కానీ, ఇళ్లు చేతులు మారినప్పుడు మాట మిగలదు, కాగితం మిగులుతుంది.

మా ఇంట్లో గొడవ వేరే విషయం మీద జరిగింది. ఇంజినీరు గీసిన, ఇనుప సలాకల కాంక్రీటుతో పోసే ఆర్‌సీసీ గోడ, పక్క నుంచి చూస్తే తలకిందులుగా పెట్టిన టీ అక్షరం ఆకారంలో ఉంటుంది. అడుగున ఆరున్నర అడుగుల వెడల్పు పలక, దాని మీద అడుగు మందం నిలువు గోడ. నిలువు గోడ వెనుక ఉన్న పలక భాగం మీద మట్టి బరువు కూర్చుంటుంది, ఆ బరువే గోడ ముందుకు పడకుండా వెనక్కి పట్టి ఉంచుతుంది. అయితే ఆ వెనుక భాగం పొరుగువారి హద్దులోకి వెళ్లకూడదు కనుక గోడను మా పెరట్లోకి మూడడుగులు ముందుకు జరపాలి. "ఉన్నదే జానెడు పెరడు, అందులో మూడడుగులు ఇచ్చుడేంది?" అని మా ఆవిడ ససేమిరా అంది. వెనుక భాగం లేకుండా పలకను పూర్తిగా మా వైపే ఉంచే పద్ధతి కూడా ఉంది. దానికి మట్టి బరువు సాయం ఉండదు కాబట్టి జారకుండా ఉండటానికి పలకనూ ఇనుమునూ బాగా పెంచాలి, ఖర్చు చాలా ఎక్కువవుతుంది. రెండు అంచనాలూ పక్కపక్కన పెట్టి చూశాక మూడడుగులు వదులుకోవడానికే ఆమె మొగ్గింది. తగ్గిన ఖర్చులో కొంత వంటగదికి పోయిందన్నది వేరే సంగతి.

పూర్తిగా రాతితో కట్టడం కూడా మంచి మార్గమే. రాయికి మన జిల్లాలో కొదవ లేదు, పని తెలిసిన వడ్డెరలు ఇంకా ఉన్నారు. స్థలం ఉన్నవారు దాన్ని తప్పక ఆలోచించాలని నా అభిప్రాయం. కొండ ప్రాంతాల గోడల కోసం ఐఎస్ 14458 అనే భారత ప్రమాణమే ఉంది, అందులో సిమెంటు లేని పొడి రాతి గోడల నిర్మాణానికి ఒక భాగం కేటాయించారు. ఆ పద్ధతికి కావలసిన స్థలం మాకు లేదు, అంతే.

పని సంక్రాంతి దాటాక మొదలుపెట్టాము. మృగశిర కార్తె వచ్చేలోగా గోడ వెనుక పూడ్పు పూర్తి కావాలన్నది గడువు. మొదట పైన వేలాడుతున్న పగులు ముక్కను మనుషులతో, పై నుంచి కిందికి, దించాము. తరువాత పునాది తవ్వకం. నా దృష్టిలో మొత్తం పనిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన ఘట్టం అదే. ఇప్పటికే నిలువుగా ఉన్న కోత పాదం దగ్గర మరో మూడున్నర అడుగులు కిందికి తవ్వుతున్నాం కదా. జేసీబీ అతను మొత్తం 40 అడుగుల పొడవునూ "ఒక్క పూటల ఇడిసిపెడతా సార్" అన్నాడు. ఇంజినీరు ఒప్పుకోలేదు. పొడవును పదేసి అడుగుల నాలుగు గాళ్లుగా విడదీసి, ముందు ఒకటీ మూడూ తవ్వించారు. రెండో, నాలుగో గాళ్లలోని తవ్వని మట్టి కోతకు ఆనుగా నిలబడి ఉండగా, తవ్విన రెండు గాళ్లలో పలక, నిలువు గోడ పోసి, గట్టిపడి, వెనుక కొంత పూడ్చిన తరువాతే మిగతా రెండింటి జోలికి వెళ్లాము. పక్క గాడికి కలపడానికి సలాకలు బయటికి వదిలి పెట్టారు. ఈ పద్ధతి వల్ల సెంట్రింగు రెండుసార్లు కట్టాలి, మిల్లరు (కాంక్రీటు కలిపే యంత్రం) రెండుసార్లు తేవాలి, కూలి పెరుగుతుంది. తవ్విన కందకంలోకి, పైన ఒక మనిషి కాపలా ఉంటే తప్ప, ఎవరినీ దిగనివ్వలేదు. మట్టి విరిగిపడి మనుషులు చనిపోయిన వార్తలు మనం చదివేవి ఎక్కువగా ఇలాంటి తవ్వకాలవే.

మూడో గాడిలో ఒక మూలన పెద్ద గుండు తగిలింది. గుండు అడుగు నుంచి వచ్చిన బండా, మట్టిలో విడిగా ఇరుక్కున్న రాయా అన్నది తేల్చుకోకుండా పలకను సగం దాని మీద, సగం మొరం మీద ఆనించకూడదట. అలా చేస్తే మొరం వైపు దిగబడి, రాతి వైపు దిగబడక పలక విరుగుతుంది. మాది విడి రాయి. చుట్టూ ఇళ్లున్నందున మందు పెట్టి పేల్చే ప్రసక్తే లేదు. వడ్డెరలు వచ్చి బెజ్జాలు కొట్టి, ఉలులు దిగ్గొట్టి చీల్చి తీశారు.

ఇనుము కట్టే రోజు నేను సెలవు పెట్టి దగ్గరే ఉన్నాను, ఉండడం మంచిదైంది. ఇంజినీరు గీతలో నిలువు గోడకు 16 మిల్లీమీటర్ల ప్రధాన సలాకలు ఎనిమిది అంగుళాలకొకటి చొప్పున మట్టి వైపు ముఖంలో ఉన్నాయి. సలాకలు కట్టే అతను వాటిని మా పెరటి వైపు ముఖంలో కట్టడం మొదలుపెట్టాడు. అడిగితే, "గోడ ఇటు పడుతది, ఇటే గద సార్ ఆపాల్సింది" అన్నాడు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ మట్టి నెట్టినప్పుడు గోడ మన వైపు వంగుతుంది, సాగేది మట్టి వైపు ముఖం. కాంక్రీటు నలుగుడును ఓర్చుకుంటుంది గానీ సాగుడును ఓర్చుకోదు, ఇనుము ఉండవలసింది సాగే వైపు. పునాది పలకలో ఇది మరింత తికమకగా ఉంటుంది: గోడ ముందు భాగంలో ప్రధాన సలాకలు అడుగున, వెనుక భాగంలో పైన. కట్టినవన్నీ విప్పించి మళ్లీ కట్టించాము. ఒకసారి కాంక్రీటు పోశాక ఈ తప్పును ఎవరూ చూడలేరు కాబట్టి, పోసే ముందు ఇంజినీరు వచ్చి చూసి సంతకం పెట్టాలన్న షరతు మొదట్లోనే పెట్టుకోవడం అవసరం.

కాంక్రీటు ఎం25 అనే బలపు తరగతిది. రెడీమిక్స్ లారీ మా వీధి ఎక్కలేదు కనుక మిల్లరుతోనే కలిపారు. నీళ్లు ఎక్కువ పోయకుండా చూడటం, వైబ్రేటరు ప్రతి పొరకూ పట్టించడం తప్ప చెప్పుకోదగ్గది లేదు. నిలువు గోడను పైకి పోయేకొద్దీ కొద్దిగా గుట్ట వైపు వాల్చి పోశారు. వెనుక మట్టి ఆనిన తరువాత ఇలాంటి గోడ కొన్ని మిల్లీమీటర్లు ముందుకు కదలడం సహజమని, సరిగ్గా నిలువుగా పోస్తే అది ఒరిగినట్టు కనిపించి ఇంటివారు బెదిరిపోతారని ఇంజినీరు నవ్వారు. వాడింది నెమ్మదిగా గట్టిపడే పీపీసీ రకం సిమెంటు, కాలం ఎండాకాలం, కాబట్టి గోనెసంచులు కప్పి రెండు వారాలు తడిపాము. మే నెల ఎండకు ఆ సంచులు గంటలో ఆరిపోయేవి. తడిపే పని పూర్తిగా మా ఆవిడే చూసుకుంది, మిగిలిన పెరడు మీద హక్కు అప్పుడే ఖాయమైందని ఇప్పటికీ అంటుంది.

గోడ కనబడ్డాక కాలనీవాళ్లు వచ్చి చూసి పని అయిపోయిందనుకున్నారు. అసలు పని అప్పుడు మొదలైంది. మొత్తం ఖర్చులో దాదాపు ఐదో వంతు గోడ వెనుక, ఎవరికీ కనిపించని చోట పెట్టాము. ఆ ఐదో వంతు పెట్టకపోతే మిగతా నాలుగు వంతులు దండగ అని నా గట్టి నమ్మకం. ఇలా చేశాము: గోడ వెనుక అడుగున, పలక మీద, చుట్టూ రంధ్రాలున్న నాలుగంగుళాల పైపును పొడవునా, మోరి వైపుకు వాలు ఉండేలా పరిచాము. దాని చుట్టూ కంకర, కంకర చుట్టూ జియోటెక్స్‌టైల్ అనే వడపోత బట్ట. ఆ బట్ట నీటిని పోనిచ్చి సన్నమట్టిని ఆపుతుంది. అది లేకపోతే రెండు మూడు వానాకాలాల్లో కంకర సందులన్నీ మట్టితో పూడుకుపోతాయి. గోడను ఆనుకుని పైదాకా అడుగు మందాన 40 ఎంఎం కంకర పొర వేసి, దాని వెనుక కూడా అదే బట్ట పరిచాము. గోడలో నాలుగంగుళాల పీవీసీ పైపులు ఐదేసి అడుగుల ఎడంతో, ఒక వరుసకు మరో వరుస తప్పించి, బయటికి కొద్దిగా వాలేలా కాంక్రీటు పోసేటప్పుడే పెట్టించాము. పైపు లోపలి నోటికి జాలీ కట్టాము. "ఇంత గట్టి గోడకు ఇన్ని బొక్కలా" అని మేస్త్రి బాధపడ్డాడు. వరంగల్ కోట రాతి ప్రాకారంలో గ్రానైటు దిమ్మెలను సున్నం లేకుండానే ఒకదానిపై ఒకటి పేర్చారు, ఆ సందుల్లోంచి నీరు పోవడానికి ఎప్పుడూ దారి ఉంది అని చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడో లేదో గానీ ఆ తరువాత బొక్కల ఊసెత్తలేదు.

కంకర పొర వెనుక పూడ్పుకు తవ్విన మట్టిలోంచి జిగట లేని మొరాన్ని మాత్రమే ఏరి వాడాము. చెరువు మట్టి ట్రాక్టరు లోడు చౌకగా దొరికింది. కానీ ఆ నల్లమట్టి నీరు పీల్చి ఉబ్బి గోడను అదనంగా నెడుతుంది, ఎండితే కుంచించుకుని పగుళ్లిస్తుంది. గోడ వెనుకకు అది పనికిరాదు. ఎనిమిదేసి అంగుళాల పొరలుగా వేసి, చేతితో నడిపే చిన్న దిమ్మిస మెషీనుతో దిమ్మిస చేశాము. గోడ దగ్గరికి రోలరును రానివ్వలేదు, దాని బరువే గోడను కదిలించగలదు.

గోడ 10 అడుగుల దగ్గర ఆగుతుంది. దాని పైన మిగిలిన మూడడుగుల ఎత్తును నాలుగున్నర అడుగుల నిడివిలో వాలుగా చెక్కించి, పై పొరగా అడుగు మందం జిగట మట్టి పరిచాము. ఇక్కడ మాత్రం జిగట మట్టే కావాలి, వాన నీరు లోపలికి దిగకూడదు కాబట్టి. ఆ వాలు మీద వరుసలుగా వట్టివేరు నాటించాము. దాని వేర్లు పక్కలకు పాకకుండా నిలువుగా చాలా లోతుకు దిగుతాయి. పెద్ద చెట్లు వద్దన్నారు, గాలికి ఊగినప్పుడు అంచు కదులుతుంది. వాలుకు పైన, పొరుగువారి అంచు వెంబడి సిమెంటు కాలువ వేసి దాన్ని వీధి మోరిలో కలిపాము. వారి పెరటి నీరు ఇప్పుడు వాలు మీదికి రాకుండా ఆ కాలువలోనే పోతుంది.

మొదటి పెద్ద వానకు కింది వరుస పైపుల నుంచి ఎర్రనీళ్లు వచ్చాయి, మరుసటి వానలకు తేటబడ్డాయి. ఎర్రనీళ్లు అలాగే వస్తూ ఉంటే వెనుక మట్టి కొట్టుకుపోతోందని, బట్ట ఎక్కడో చిరిగిందని అర్థం. వాన పడుతున్నా పైపుల నుంచి నీళ్లు రాకపోవడం అంతకన్నా చెడ్డ గుర్తు. అందుకే ప్రతి ఏడూ వానలకు ముందు సన్నని పైపుతో ఆ రంధ్రాల్లోకి నీళ్లు కొట్టి చూస్తాము. గోడ తలమీద రెండు చోట్ల మేకులు దిగ్గొట్టించి, ఇంటి గోడ నుంచి వాటి దూరాన్ని టేపుతో కొలిచి రాసిపెడుతున్నాను. తొలి వానాకాలంలో కొద్దిపాటి తేడా వచ్చింది, ఆ తరువాత కదల్లేదు.

ఈ మధ్య పొరుగాయన వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకును పెరటి అంచున, రెయిలింగు పక్కన దిమ్మె కట్టి పెట్టాలనుకున్నారు. నిండితే టన్ను బరువు. గోడ వెనుక మట్టి జారేందుకు చూసే ముక్క, ఎత్తులో సగానికి పైగా దూరం వరకు వెనక్కి పరుచుకుని ఉంటుంది. దాని మీద పెట్టిన ఏ బరువైనా గోడ మీదికే వస్తుంది. స్టాంపు పేపరు మీద "అంచు నుంచి పదడుగుల లోపల ఏ కట్టడమూ వద్దు" అని రాసుకున్న వాక్యం ఇద్దరం కలిసి మళ్లీ చదువుకున్నాము. ట్యాంకు వారి ఇంటి ముందు వైపు, మెట్ల పక్కకు వెళ్లింది. అదనంగా పట్టిన పైపు ఖర్చు సగం నేనిచ్చాను.